ఎనిమిదో లేన్ కోసం ఒక బహిరంగ లేఖ

క్రీడా సంఘాల నిర్వాహకులకు, మైదానాల బాధ్యులకు, శిక్షకులకు

నమస్కారం.

మేధో వైకల్యం ఉన్న క్రీడాకారులకు మీరు ఏడాదికొకసారి పోటీలు జరుపుతారు. అందుకు కృతజ్ఞతలు. ఆ ఒక్క రోజు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మిగిలిన 364 రోజుల సంగతి చూద్దాం.

నేను ఒక క్రీడాకారుడికి అక్కను. తమ్ముణ్ణి మైదానానికి తీసుకువచ్చి గట్టు మీద కూర్చునేదాన్ని. కూర్చుని కూర్చుని విసుగెత్తి, చివరికి ఈల మెడలో వేసుకున్నాను. ఇప్పుడు పద్నాలుగు మందికి పరుగు నేర్పుతున్నాను. తమ్ముడికి 29 ఏళ్లు. వాడి పరుగు 400 మీటర్లు. ఇప్పటివరకు అత్యుత్తమ టైమింగ్ 1 నిమిషం 31 సెకన్లు. ఈ అంకె చూసి మీలో కొందరు జాలిగా నవ్వుకోవచ్చు. మూడేళ్ల కిందట అది 1 నిమిషం 52 సెకన్లు. మీ దగ్గర నేర్చుకునే కుర్రాడెవరైనా మూడేళ్లలో ఇరవై ఒక్క సెకన్లు తగ్గిస్తే మీరు పిలిచి పేరు అడిగేవారు. మా వాడి పేరు ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మీ ప్రారంభోపన్యాసాల్లో తరచూ వినిపించే కథ ఒకటుంది. తొమ్మిది మంది ప్రత్యేక పిల్లలు వంద మీటర్ల పరుగుకు బయలుదేరారట. ఒక బాబు పడిపోయి ఏడ్చాడట. మిగిలిన ఎనిమిది మందీ ఆగి, వెనక్కి వచ్చి, ఆ బాబును లేవదీసి, అందరూ చేతులు పట్టుకుని ఒకేసారి గీత దాటారట. వింటున్నవారి కళ్లు చెమరుస్తాయి, చప్పట్లు మోగుతాయి. ఈ కథకు మూలం 1976లో అమెరికాలోని స్పోకేన్‌లో జరిగిన పోటీలు. పడిపోయిన ఒకరి కోసం ఒకరిద్దరు వెనక్కి తిరిగిన మాట నిజమే. తక్కినవాళ్లు మాత్రం ఆగలేదు. వాళ్లు గెలవడానికి వచ్చారు, పరుగెత్తారు. చెప్పగా చెప్పగా ఆ ఒకరిద్దరు కాస్తా ఎనిమిది మంది అయ్యారు.

ఈ కథ నాకు ఎందుకు రుచించదో చెబుతాను. ఇది మా వాళ్లను మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది, కానీ లోపల ఒక తీర్పు దాచుకుని ఉంటుంది. వీళ్లకు గెలుపు ఓటములు పట్టవట, పోటీ తెలియదట, దేవుడి బిడ్డలట. పోటీ తెలియనివాడికి శిక్షణ ఎందుకు? స్టాప్‌వాచ్ ఎందుకు? ఏడాదికొకసారి పిలిచి, టోపీ ఒకటి ఇచ్చి, మెడలో పతకం వేసి, ఫొటో దిగి పంపిస్తే సరిపోతుంది కదా. ఆ కథకూ మా వాళ్లకు మైదానం దొరకకపోవడానికీ సంబంధం ఉందని నేను నమ్ముతాను.

మేధో వైకల్యం ఉన్నవారికి శిక్షణ, పోటీలు నడిపే అంతర్జాతీయ సంస్థ స్పెషల్ ఒలింపిక్స్. దాని క్రీడాకారుల ప్రమాణం మీకు తెలిసే ఉంటుంది. 1968 జూలై 20న షికాగోలోని సోల్జర్ ఫీల్డ్ మైదానంలో, తొలి ఆటల్లో, అమెరికా, కెనడాల నుంచి వచ్చిన దాదాపు వెయ్యి మంది క్రీడాకారుల ముందు ఆ సంస్థను స్థాపించిన యూనిస్ కెనెడీ ష్రైవర్ పలికిన మాటలవి. ‘నన్ను గెలవనివ్వండి. గెలవలేకపోతే, ఆ ప్రయత్నంలో నన్ను ధైర్యంగా ఉండనివ్వండి.’ మన వేదికల మీద రెండో వాక్యం మీదే ప్రసంగాలు సాగుతాయి. ధైర్యం, ప్రయత్నం, పాల్గొనడమే గొప్ప అంటారు. మొదటి వాక్యాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. నన్ను గెలవనివ్వండి అని అడిగిన తర్వాతే కదా మిగతాది!

ఇక పతకం సంగతి. కొన్నేళ్ల కిందట ఒక పోటీకి వెళ్లాం. ఎక్కడో, ఎవరు జరిపారో అనవసరం. ఉదయం ఎనిమిదికి మొదలు కావలసింది, అతిథులు రావడం, మాట్లాడడం పూర్తయ్యేసరికి పదిన్నర దాటింది. అప్పటిదాకా మా వాళ్లు ఎండలో వరుసల్లో నిలబడి ఉన్నారు. ఆలస్యమైందని హీట్స్, అంటే ఫైనల్‌కు ముందు జరగాల్సిన ప్రాథమిక పరుగులు, తీసేశారు. వయసు, వేగం ఏదీ చూడకుండా దొరికినవాళ్లను దొరికినట్టు గీత మీద నిలబెట్టారు. మా వాడి పక్కన నిలబడిన కుర్రాడు వాడికంటే అర నిమిషం ముందు గీత దాటాడు. మా వాడు గీతకు చేరేసరికి తర్వాతి పరుగుకు పేర్లు పిలుస్తున్నారు. అందరికీ ఒకే రకం బంగారు రంగు పతకం వేశారు. వాడు దాన్ని మెడలోంచి తీసి నా చేతిలో పెట్టి, ‘అక్కా, నేను లాస్ట్ కదా?’ అన్నాడు.

వాడు చదవలేడు. సంతకం నేర్చుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. కానీ తాను చివరివాణ్ణని వాడికి తెలుసు, ఆ పతకం అబద్ధమనీ తెలుసు.

ఆ మరుసటి ఏడాది మరో చోట పద్ధతిగా జరిగిన పోటీలో ఆరుగురిలో నాలుగో స్థానం వచ్చింది. మూడో స్థానానికీ వాడికీ మధ్య సెకను కూడా తేడా లేదు. స్పెషల్ ఒలింపిక్స్ పద్ధతిలో మొదటి ముగ్గురికి పతకాలు, నాలుగు నుంచి ఎనిమిది దాకా రిబ్బన్లు. ఆ రిబ్బను ఇప్పటికీ వాడి సంచిలో ఉంది. ఉతకడానికి తీసినా ఊరుకోడు.

ఈ రెండు పోటీలకూ మధ్య ఉన్న తేడా పేరు డివిజనింగ్. మీలో చాలామంది దీన్ని కాగితం పని అనుకుని వదిలేస్తారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ముందు అందరూ ప్రాథమిక పరుగు పరుగెత్తాలి. వచ్చిన టైమింగ్‌లను బట్టి, స్త్రీ పురుషులను, వయో వర్గాలను విడిగా చూసి, దగ్గర దగ్గర సామర్థ్యం ఉన్నవాళ్లను ఒక గుంపు చేయాలి. గుంపులో ముగ్గురికి తగ్గకూడదు, ఎనిమిది మందికి మించకూడదు. ఒకే గుంపులో అందరికంటే వేగంగా వచ్చినవారికీ అందరికంటే నెమ్మదిగా వచ్చినవారికీ మధ్య తేడా దాదాపు 15 శాతం లోపు ఉండేలా చూసుకోవాలి. అంటే వంద మీటర్లు 20 సెకన్లలో వచ్చినవాడి పక్కన 23 సెకన్లవాడు నిలబడవచ్చు, 35 సెకన్లవాడు నిలబడకూడదు. అప్పుడు ఆ గుంపులో ఎవరైనా గెలవవచ్చు. గెలవాలంటే నిన్నటికంటే ఈ రోజు బాగా పరుగెత్తాలి.

ఇందులో ఒక తిరకాసు కూడా ఉంది. ప్రాథమిక పరుగులో కావాలని నెమ్మదిగా పరుగెత్తి, తేలిక గుంపులో చేరి, ఫైనల్లో విజృంభించేవాళ్లు ఉంటారు. ఉంటారంటే ఉంటారు, మా వాళ్లేమీ ఋషులు కారు. (నిజం చెప్పాలంటే ఈ ఉపాయం ఎక్కువగా శిక్షకుల బుర్రలో పుట్టేదే.) అందుకే ఫైనల్లో ప్రాథమిక టైమింగ్ కంటే 15 శాతానికి మించి మెరుగుపడితే అనర్హత వేటు పడే నిబంధన పెట్టారు. పోటీ అంటే పట్టనివాళ్ల కోసమైతే ఇలాంటి నిబంధన ఎవరైనా రాస్తారా?

గుంపులు సరిగా చేయడానికి పట్టేది ఒక పూట. ఉపన్యాసాలు సగానికి తగ్గిస్తే ఆ పూట మిగులుతుంది.

సరే, పోటీ రోజు ఎంత పద్ధతిగా జరిగినా, దాని వెనుక శిక్షణ లేకపోతే అదీ తూతూమంత్రమే. 1960ల మొదట్లో కెనడాలోని టొరంటోలో ఫ్రాంక్ హేడెన్ అనే క్రీడా శాస్త్రవేత్త మేధో వైకల్యం ఉన్న పిల్లల శారీరక దారుఢ్యాన్ని పరీక్షించాడు. మామూలు పిల్లలకంటే వాళ్లు బాగా వెనుకబడి ఉన్నారు. వైకల్యం వల్లే అలా ఉన్నారని అప్పటి నమ్మకం. ఆడే అవకాశం, క్రమబద్ధమైన వ్యాయామం లేకపోవడమే కారణమని ఆయన తేల్చాడు. అదే కాలంలో, 1962 వేసవిలో, యూనిస్ ష్రైవర్ తన ఇంటి ఆవరణలో ఇలాంటి పిల్లల కోసం శిబిరం పెట్టింది. షికాగో ఆటలు అలాంటి శిబిరాల్లోంచి, పరిశోధనల్లోంచి పుట్టాయి. ముందు శిక్షణ, ఆ తర్వాత పండుగ. మనం పండుగను మాత్రం తెచ్చుకున్నాం.

శిక్షణ అంటే ఏమిటో మా ట్రాక్ మీద జరిగేదే చెబుతాను. కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది గీత దాకా వచ్చి, సరిగ్గా గీత ముందు ఆగిపోతారు. మొదట్లో నాకు అంతు పట్టలేదు. తర్వాత తెలిసింది, తప్పు నాదే. ‘గీత దాకా పరుగెత్తు’ అని చెప్పింది నేనే. వాళ్లు చెప్పినట్టే చేశారు. ఇప్పుడు గీతకు పది మీటర్ల అవతల ఒక ఎర్ర కోన్ పెట్టి, దాన్ని ముట్టుకోమంటాను. గీత సంగతి అసలు ఎత్తను.

తుపాకీ చప్పుడుకు కొందరు చెవులు మూసుకుని కూర్చుండిపోతారు. దానికి విరుగుడు వారాల పని. ముందు చప్పట్లు, తర్వాత దూరం నుంచి ఈల, ఆ ఈల రోజుకు కాస్త దగ్గరగా, ఆ తర్వాత చెక్కల చప్పుడు. మలుపులో సొంత లేన్‌లో ఉండడం మరో పెద్ద పాఠం. మొదట నడక, రెండు వైపులా కోన్లు, తర్వాత ఒక వైపే కోన్లు, చివరికి ఉత్త గీత. ఒకసారికి ఒక్క మాటే చెప్పాలి, చేయకూడనిది కాకుండా చేయవలసింది చెప్పాలి, చెప్పేకంటే చేసి చూపాలి. ప్రతి రోజూ అదే వరుసలో, అదే చోట మొదలుపెట్టాలి. ఇవి పెద్ద రహస్యాలేమీ కావు. మంచి శిక్షకుడు ఎవరికైనా ఇలాగే నేర్పుతాడు, మా దగ్గర ఓపిక కాస్త ఎక్కువ కావాలి, అంతే.

400 మీటర్లలో అసలు కష్టం కాళ్లది కాదు. బలాన్ని ఒక చుట్టంతా సర్దుకోవడంలో ఉంది. మా వాడు మొదటి వంద మీటర్లు ప్రాణం పెట్టి పరుగెత్తి, రెండు వందల యాభై దగ్గర నడిచేవాడు. ‘మెల్లగా మొదలుపెట్టు’ అంటే నడక మొదలుపెట్టేవాడు. ఆ మెల్లగాకూ ఈ మెల్లగాకూ మధ్య తేడా మాటల్లో చెప్పలేకపోయాను. చివరికి నేనే పక్కన పరుగెత్తడం మొదలుపెట్టాను. వంద మీటర్లకొక రంగు కోన్ పెట్టాం. నా పక్కనే ఉండాలి, పసుపు కోన్ దాటాక నన్ను దాటవచ్చు. ఏడు నెలలు పట్టింది. ఇప్పుడు నేను పక్కన లేకపోయినా వాడి తొలి వంద మీటర్ల టైమింగ్ సెకను అటూ ఇటూగా ఒకటే ఉంటుంది. నా మోకాళ్లు మాత్రం ఇంకా మూలుగుతున్నాయి.

మీకు చెప్పదలచుకున్న అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆ ఏడు నెలల మధ్యలో మైదానం రెండు వారాలు మూతపడింది. ఏదో ప్రదర్శనకు ఇచ్చారు. మిగతా క్రీడాకారులకు వేరే సమయాలు సర్దారు. మాకు, ‘మీ వాళ్లకు ఏముందమ్మా, ఎప్పుడైనా ఆడుకోవచ్చు’ అన్నారు. మళ్లీ తెరిచాక మొదటి రోజు మా వాడు గీత ముందు ఆగిపోయాడు. ఎర్ర కోన్ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికి వచ్చాం. మామూలు క్రీడాకారుడికి రెండు వారాల విరామం వస్తే కాస్త ఊపిరి తగ్గుతుంది, అంతకుమించి పోయేది లేదు. మా వాళ్లలో కొందరికి నేర్చుకున్న వరుసే చెదిరిపోతుంది. అందరికంటే ముందు ఎవరి సమయాన్ని రద్దు చేయాలన్న ప్రశ్న మీకు వచ్చినప్పుడు దీన్ని దయచేసి గుర్తుపెట్టుకోండి.

‘వాళ్లకేదైనా జరిగితే ఎవరిది బాధ్యత?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డౌన్ సిండ్రోమ్ ఉన్న వారిలో కొందరికి మెడ పైభాగంలోని కీలు వదులుగా ఉంటుంది. డైవింగ్, జిమ్నాస్టిక్స్, హైజంప్ వంటివాటికి ముందు వైద్యుడు చూడవలసిందే. గుండె సమస్యతో పుట్టినవారూ వాళ్లలో ఎక్కువ. మూర్ఛ ఉన్నవారు నీళ్లలోకి దిగితే ఒక మనిషి కన్ను ఆర్పకుండా చూడాలి. ఇవన్నీ మాకు తెలుసు, వైద్యుడి కాగితాలు మా సంచిలో ఉంటాయి. వాటిని ఎవరైనా అడిగి చూస్తే సంతోషిస్తాం. ఇంతవరకు కాగితాలు చూడకుండానే వద్దన్నారు, లేదా చూడకుండానే సరే అన్నారు.

మరో గందరగోళం కూడా తీర్చాలి. ఒక సమావేశంలో మీలో ఒకరు స్పెషల్ ఒలింపిక్స్‌నూ పారాలింపిక్స్‌నూ ఒకటే అనుకుని మాట్లాడారు. రెండూ వేరు. స్పెషల్ ఒలింపిక్స్‌ను అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1988లో గుర్తించింది. ఎనిమిదేళ్లు నిండిన ఎవరైనా, ఏ సామర్థ్యం ఉన్నా, అక్కడ పోటీ పడవచ్చు. పై వయసుకు పరిమితి లేదు. పారాలింపిక్స్ అత్యున్నత స్థాయి పోటీ, అర్హత టైమింగ్ లేనిదే లోపలికి రానివ్వరు. అందులో మేధో వైకల్యం ఉన్నవాళ్లకు అథ్లెటిక్స్, ఈత, టేబుల్ టెన్నిస్ ఉన్నాయి. ట్రాక్ మీద వాళ్ల విభాగం టీ20. క్రికెట్‌తో దానికి సంబంధం లేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

2024 పారిస్ పారాలింపిక్స్ టీ20 విభాగం 400 మీటర్లలో దీప్తి జీవాంజి 55.82 సెకన్లలో వచ్చి కాంస్యం గెలిచింది. అదే ఏడాది మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ రోజుల్లో మీ కార్యాలయాల ముందు ఆమె ఫొటోతో తాటికాయంత అక్షరాల ఫ్లెక్సీలు వెలిశాయి. అందులో తప్పేమీ లేదు, నేనూ మురిసిపోయాను. కానీ ఆ టైమింగ్ ఏడాదికొకసారి జరిగే ఉత్సవంలోంచి రాలేదు. ఒక శిక్షకుడి కన్ను పడి, రోజూ ట్రాక్ మీద చెమటోడిస్తే వచ్చింది.

పారాలింపిక్స్‌లో ఈ తలుపు ఒకసారి మూసుకుపోయిందన్న సంగతి కూడా మీకు తెలియాలి. 2000లో సిడ్నీలో మేధో వైకల్యం ఉన్నవారి బాస్కెట్‌బాల్ స్వర్ణం స్పెయిన్ గెలుచుకుంది. జట్టులోని 12 మందిలో 10 మందికి అసలు ఏ వైకల్యమూ లేదని, ఆ జట్టులోనే ఆడిన ఒక విలేకరి బయటపెట్టాడు. పతకాలు వెనక్కి ఇచ్చారు. ఆ తర్వాత 2004లో, 2008లో ఈ క్రీడాకారులకు పతకాల పోటీలే లేకుండా పోయాయి. 2012 లండన్‌లో మళ్లీ చోటు దొరికింది, అదీ మూడు క్రీడల్లోనే. బాస్కెట్‌బాల్ తిరిగి రాలేదు. సిడ్నీ నాటికి పద్దెనిమిదేళ్లున్న ఒక నిజమైన పరుగుల వీరుడికి లండన్ నాటికి ముప్పై ఏళ్లు. నేరం చేసింది నిర్వాహకులు, శిక్ష అనుభవించింది వీళ్లు. ఇది మీ వంటి పదవుల్లో ఉన్నవారు చేసిన పని కాబట్టే ఇక్కడ ప్రస్తావించాను, ఏమీ అనుకోకండి.

మా పద్నాలుగు మందిలో తొమ్మిది మంది పెద్దవాళ్లు. ప్రత్యేక పాఠశాల ఉన్నన్నాళ్లు అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడు ఏదో ఒకటి ఆడించేవాడు. వయసు మీరిందని బడి నుంచి పంపేశాక ఆట ఆగిపోయింది. ఇరవై రెండేళ్లకు ఇంట్లో కూర్చుని, ఇరవై ఆరుకు బరువు పెరిగి, ముప్పై ఏళ్లకు మెట్లెక్కితే ఆయాసపడేవాళ్లను నేను చూశాను. మీ కరపత్రాల మీద ఎప్పుడూ పిల్లల బొమ్మలే ఉంటాయి. మా తమ్ముడికి గడ్డం ఉంది. గడ్డం ఉన్న క్రీడాకారులకు కూడా రోజులో ఒక గంట కేటాయించండి.

మీ దగ్గర పరుగు నేర్చుకునే మామూలు కుర్రాళ్లు ఇద్దరు, అడగకుండానే, కొన్నాళ్లుగా మా వాళ్లతో కలిసి రిలే సాధన చేస్తున్నారు. యూనిఫైడ్ స్పోర్ట్స్ అని దీనికి పేరుంది. వైకల్యం ఉన్నవాళ్లు, లేనివాళ్లు ఒకే జట్టుగా ఆడతారు. ఆ కుర్రాళ్లకు పేరు సంగతి తెలియదు. బ్యాటన్ అందుకోవడంలో మా అమ్మాయి ఒకతె వాళ్లకంటే నిక్కచ్చిగా ఉందని మాత్రం తెలుసు. ఒకసారి వాళ్లలో ఒకడు ఆలస్యంగా కదిలినందుకు ఆ అమ్మాయి నలుగురి ముందు చీవాట్లు పెట్టింది. అతను తల వంచుకుని విన్నాడు. మైదానంలో మా వాళ్లను సాటి ఆటగాళ్లుగా చూడడం అంటే ఇదే. ఆ ఇద్దరినీ దయచేసి ఆపకండి. ‘మీ సాధన పాడవుతుంది’ అని ఒక శిక్షకుడు హెచ్చరించినట్టు విన్నాను.

ఇక మా కోరిక. కొత్త స్టేడియం అడగడం లేదు. ఉచిత దుస్తులు అక్కర్లేదు, ఫొటో అక్కర్లేదు. మంగళ, గురు, శనివారాల్లో ఉదయం ఆరు నుంచి ఏడు దాకా ఎనిమిదో లేన్ మాది అని మీ పట్టికలో రాయండి. పెన్సిలుతో వద్దు, పెన్నుతో రాయండి. ఆ లేన్ నడకకు వచ్చేవాళ్లు తప్ప ఎవరూ వాడరు. అందులో ఒక చుట్టు 400 కాదు, దాదాపు 453 మీటర్లు వస్తుందని మాకు తెలుసు. ఆరంభ గీత ఎంత ముందుకు జరపాలో మేం కొలిచి పెట్టుకున్నాం. వచ్చే పోటీల్లో హీట్స్ తీసేయకండి. టైమింగ్‌లు రాసిన కాగితం చెత్తబుట్టలో వేయకుండా మాకు ఒక ప్రతి ఇవ్వండి.

వచ్చే శనివారం మా వాడు 1 నిమిషం 30 సెకన్ల లోపు రావాలని పట్టుబట్టి ఉన్నాడు. నా ఫోన్లో స్టాప్‌వాచ్ ఉంది గానీ, పక్కన పరుగెత్తుతూ నొక్కడం కష్టంగా ఉంది. ఆరున్నరకు మీలో ఎవరైనా గీత దగ్గర నిలబడగలిగితే మేలు. ఎర్ర కోన్‌కు అడ్డం లేకుండా, కాస్త ఎడంగా నిలబడండి.

ఇట్లు,
ఒక క్రీడాకారుడి అక్క